ఒక దర్వాజ, రెండు ఇండ్లు

వర్గల్ గ్రామమునకు దూరప్రాంతముల నుండి వచ్చువారిలో పలువురు శంభునిగుట్ట మీది విద్యాసరస్వతీ ఆలయమునకు వచ్చువారే. తల్లిదండ్రులు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆ చిన్నిచేతిని తమ చేతితో పట్టి, పలక మీద మొదటి అక్షరములు దిద్దింతురు. వసంతపంచమి నాడు గుట్ట మీద కాలు మోపుటకు చోటుండదు. ఈ ఊరిలో నివసించు మాకు ఇది పరిచితమైన దృశ్యము. మా పని వేరు. క్రొత్తగా ఇల్లు కట్టుకొనదలచిన వారికి, పునాది త్రవ్వకముందే, ఆ ఇల్లు ఎట్లుండునో కంప్యూటరు మీద నమూనాగా నిర్మించి చూపుట మా వృత్తి. పలక మీది అక్షరమునకును మా పనికిని సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధమున్నదని మాకు ఒక పాత దర్వాజ నేర్పినది. ఆ సంగతినే నేడు మనవి చేయదలచితిమి.

కాగితము మీది పటము గోడలను గీతలుగా చూపును. గృహరచనకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేరు గోడను గోడగానే నిలబెట్టును. దానికి ఎత్తు, మందము ఉండును. కిటికీ నుండి ఎండ ఎంతవరకు పడునో కూడ తెలియును. ఇందులో నాలుగు గోడలు లేపుట గంటలోపు పని. చదరపు గది, సాదా కిటికీ, పలకల తలుపు – ఇవి చేతికి అలవాటైనవి. కష్టమంతయు మెలికలున్న భాగములలో నున్నది. మలుపు తిరిగిన మెట్లు, చెక్కడపు స్తంభము, నగిషీ గల ద్వారబంధము మొదలగువాటిని ఒక్కొక్క అంచు, ఒక్కొక్క వంపు కొలిచి నిర్మింపవలయును. ఒక్క భాగమునకే పది, పదిహేను దినములు పట్టును. అంత శ్రమపడి చేసిన దానిని ఆ ఒక్క ఇంటితో విడిచిపెట్టుటకు మనసొప్పదు. మరల మరియొక ఇంటికి వాడుకొనవలెననిపించును. అదియే నేటి ప్రశ్న. ఒక ఇంటి కొరకు చేసిన భాగము మరియొక ఇంటికి ఒదుగునా? ఒదుగవలెనన్న దానికి ఏమి నేర్పవలయును?

మా ప్రాంతమునకు సమీపమున, కాళేశ్వరము ఎత్తిపోతల పథకములో భాగముగా, కొండపోచమ్మ సాగర్ జలాశయము నిర్మింపబడినది. దాని నిలువసామర్థ్యము 15 టి.ఎం.సి.లు, 2020వ సంవత్సరము మే 29న అందులోనికి గోదావరి జలము చేరినది. ఆ నీటి కొరకు బహిలంపూరు, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామములు ఖాళీ అయినవి. ప్రజలు తునికి బొల్లారము వద్ద పునరావాస కాలనీకి కొందరు, స్వంతముగా స్థలములు కొనుక్కొని ఇతరచోట్లకు కొందరు చేరుకొనిరి. ఊరు విడిచినవారు ఇంటిని వెంటబెట్టుకొని పోలేరు. కాని దూలములను, వాసములను, తలుపులను విప్పి బండ్ల మీద తెచ్చుకొనగలరు. పాత ఇంటి కలపను క్రొత్త ఇంటికి వాడుట మన పల్లెలలో అనాదిగా ఉన్న ఆచారమే.

అట్లు మునక గ్రామము నుండి వచ్చిన ఒక కుటుంబము మా కడకు వచ్చినది. వృద్ధురాలైన తల్లి, ఇద్దరు కుమారులు. అన్నదమ్ములకు వేరువేరు వీధులలో స్థలములున్నవి. ఇద్దరును ఇండ్లు కట్టుకొనుచున్నారు. వారి పాత ఇంటి పెద్ద దర్వాజ ట్రాక్టరు మీద వచ్చినది. టేకు కలప. రెండు రెక్కలు, ఒక్కొక్క రెక్క మీద నాలుగు నిలువు వరుసలుగా ఇరువదినాలుగు ఇత్తడి గుబ్బలు. ద్వారబంధము నిలువు కలప ముఖము 7 అంగుళముల వెడల్పు. పై అడ్డకలప నడుమ 7 అంగుళముల గుండ్రని తామరపువ్వు. పాతకాలపు తలుపు గనుక మడతబందులు లేవు. రెక్క అంచున పైన, క్రింద మిగిల్చిన కొయ్య బుడిపెలు గుంటలలో తిరుగును. లోపల అడ్డగడియ, పైన గొలుసు. ఎత్తు 6 అడుగులే. ఎవరైనను కొంచెము తల వంచి లోనికి పోవలసినదే.

దర్వాజ ఒకటి, ఇండ్లు రెండు. పెద్దవాని ఇంటికే చెల్లవలెనని బంధువులు చెప్పిరి. చిన్నవాడు నోరు తెరచి కాదనలేదు. కాని ఆ దినము తరువాత అన్న ఇంటి పునాది చూచుటకు కూడ పోలేదు. ఆ మౌనము తల్లిని బాధించినది. ఆమె మా చేతులు పట్టుకొని ఇట్లు అడిగినది: "బిడ్డా, గిది తీరుదే ఇంకోటి చేపియ్యొస్తదా? ఇద్దరికీ ఇది అమ్మగారి ఇల్లే అనిపియ్యాలె."

వడ్రంగి ఉన్నాడు, కలప ఉన్నది. కావలసినది సరియైన కొలతలు గల నమూనా. మేము పన్నెండు దినములు శ్రమించి ఆ దర్వాజను కంప్యూటరులో నిర్మించితిమి. అన్న ఇంటి నమూనాలో నిలిపి చూపగా అందరును సంతోషించిరి. ఇక దానినే తీసి తమ్ముని ఇంటిలో పెట్టుట క్షణములో పని యని మేమనుకొంటిమి. మా చిక్కులు అక్కడనే మొదలైనవి.

మొదటి చిక్కు చోటు. తమ్ముని ఇంటి ఫైలులోనికి దర్వాజను తేగానే అది గోడలో నిలువలేదు. గోడకు నలుబది అడుగుల దూరమున ఖాళీ నేలలో నిలిచినది. కారణము సులభము. ప్రతి భాగమునకు ఒక మూలబిందువు ఉండును. దానిని పట్టుకొనియే సాఫ్ట్‌వేరు భాగమును ఎత్తి దించును. మేము దర్వాజను అన్న స్థలములో గీసి, ఆ స్థలపు మూలనే మూలబిందువుగా విడిచిపెట్టితిమి. దర్వాజ ఎక్కడికి పోయినను పాత స్థలపు దూరమును మోసుకొనిపోయినది. భాగమును దాచుకొనుటకు ముందే మూలబిందువును దాని శరీరములోనికి తేవలయును. ద్వారమునకైనచో గడప అడుగుభాగపు నడిమధ్య తగిన చోటు. స్తంభమునకు పీఠపు కేంద్రము, మెట్లకు మొదటి మెట్టు అంచు.

రెండవది గోడ. మునిగిన ఇంటిది రెండడుగుల మట్టిగోడ. క్రొత్త ఇంటిది 9 అంగుళముల ఇటుక గోడ. అంతియేగాక, తలుపు కేవలము గోడ ముందు నిలిచిన వస్తువు కాదు. అది గోడలో రంధ్రము చేయు వస్తువు. స్వీట్ హోమ్ త్రీడీ అను ఉచిత సాఫ్ట్‌వేరులో నమూనాను దిగుమతి చేసికొనునపుడు అది తలుపో కిటికీయో అయినచో ఆ సంగతి గుర్తు పెట్టవలయును. మరచినయెడల దానిని బల్లవలెనో బీరువావలెనో ఎంచి గోడకు కన్నము పెట్టదు. స్కెచప్ నందును భాగము గోడను అంటుకొని తెరపును కోయవలయునని ముందుగా చెప్పవచ్చును. భాగమునకు తన ఆకారము తెలిసిన చాలదు. తాను చేరబోవు గోడతో ఎట్లు మెలగవలెనో కూడ తెలిసియుండవలయును.

మూడవది కొలమానము. మేము అంగుళములలో చేసినదానిని వేరొక సాఫ్ట్‌వేరులోనికి ఓబీజే ఫైలుగా పంపితిమి. ఆ ఫైలులో అంకెలే ఉండును. అవి అంగుళములో, మిల్లీమీటర్లో చెప్పు ఏర్పాటు అందులో లేదు. అవతలి సాఫ్ట్‌వేరు వాటిని మిల్లీమీటర్లుగా తలచినది. 72 అంగుళముల ద్వారము 72 మిల్లీమీటర్ల బొమ్మయై గడప చెంత అగ్గిపెట్టెవలె పడియున్నది. అది నవ్వుకొని దిద్దుకొనదగిన తప్పు. టేకు రంగు చిత్రమును వేరొక చోట దాచి, దర్వాజను మాత్రము పంపగా అది సున్నము కొట్టినట్లు తెల్లగా వచ్చిన తప్పును అట్టిదే. నాటి నుండి భాగము పేరుతో ఒక సంచిని ఏర్పరచి, నమూనాను, రంగుచిత్రములను, కొలమానము వ్రాసిన చిన్న చీటీని అందులోనే కలిపి ఉంచుచున్నాము.

నాల్గవది బరువు. కంప్యూటరులోని వస్తువునకు బరువు ఏమిటని ఆశ్చర్యపడవలదు. గుండ్రని ఉపరితలమును అది చిన్నచిన్న పలకలుగా విభజించి చూపును. ఉత్సాహము కొలది మేము ఒక్కొక్క ఇత్తడి గుబ్బను రెండు వేల పలకలతో చేసితిమి. గుబ్బలు నలుబదియెనిమిది, మొత్తము 96,000 పలకలు. ఒక్క తలుపుతో కంప్యూటరు ఆయాసపడజొచ్చినది. నూరు పలకలతో మరల చేయగా మొత్తము 4,800 అయినది. వీధి నుండి చూచు కంటికి భేదము తెలియలేదు. అంతియేగాక, గుబ్బను ఒక్కసారి చేసి, దానినే నలుబదియెనిమిది చోట్ల నిలిపినచో ఫైలు చిన్నదగును. ఒక గుబ్బను దిద్దిన అన్నియు దిద్దబడును.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధకుడు ‘స్కెచ్‌ప్యాడ్’ అను రచనాయంత్రాంగమును తన పరిశోధనగా సమర్పించెను. తెర మీద కాంతికలముతో గీత గీయుటయే ఆనాటికి అబ్బురము. ఆయన అంతటితో ఆగక, ఒక మూలచిత్రమును, దాని ప్రతిరూపములను ఏర్పరచెను. మూలమును మార్చినచో ప్రతిరూపములన్నియు తామే మారును. 2000వ సంవత్సరమున వెలువడిన స్కెచప్‌లోని ‘కాంపొనెంటు’ ఆ వంశమునకు చెందినదే. అయితే ఒక హెచ్చరిక అవసరము. ఈ మార్పు ఒకే ఫైలులోని ప్రతిరూపములకే చెల్లును. వేరొక ఇంటి ఫైలులోనికి పోయిన భాగము, మనము పనిగట్టుకొని మరల తెచ్చి మార్చిననే గాని మారదు. ఇది లోపమని మేము మొదట విసుగుకొంటిమి. పిదప ఆలోచింపగా మేలే యని తోచినది. కట్టి గృహప్రవేశమైన ఇంటి పటము, నేడు మేము మూలమును దిద్దినంత మాత్రమున రాత్రికి రాత్రి మారిపోరాదు గదా! అందుచేత ప్రతి భాగము పేరు ప్రక్కన ‘మొదటి రూపము’, ‘రెండవ రూపము’ అని వ్రాసి, ఏ ఇంటికి ఏ రూపము పోయినదో పుస్తకములో ఎక్కించుచున్నాము.

ఇక అసలు తప్పు చెప్పవలయును. అన్న ఇంటి దర్వాజ రెక్కలు రెండును కలిసి 42 అంగుళములు. తమ్ముడు తన ఇంటికి 48 అంగుళములు కోరెను. మేము నమూనా అంచును పట్టి అడ్డముగా లాగితిమి. అది రబ్బరువలె సాగి 48 అయినది. తెర మీద బాగుగనే కనబడినది. కొలతలు అచ్చు తీసి వడ్రంగికి పంపితిమి. ఆయన వయసు మళ్ళినవాడు, కంప్యూటరు నెరుగడు. కాగితము చేతబట్టుకొని మరునాడుదయమే వచ్చెను.

"సారూ, నిలువు మొద్దు ఏడు అంగుళాలుండాలె. మీ కాగితంల ఎనిమిది అని రాసిండ్రు. తామరపువ్వు సూడుండ్రి, కోడిగుడ్డు లెక్క సాగింది. తల్లిదర్వాజకు గిట్ల లేదు గద!"

మాకు సిగ్గు కలిగినది. మేము వెడల్పును పెంచమనగా కంప్యూటరు అన్నింటిని ఏడింట ఒకవంతు పెంచినది. రెక్కలతో పాటు నిలువు కలప 7 నుండి 8 అయినది. గుండ్రని పువ్వు 8 అంగుళముల వెడల్పు, 7 అంగుళముల ఎత్తుగల అండమైనది. గుబ్బలును అట్లే సాగినవి. టేకు కోసిన తరువాత ఈ తప్పు బయటపడినయెడల ఆ నష్టము ఎవరు భరింతురు? అంతకు మించి, అన్నకు అసలుది, తనకు వికారపు నకలు వచ్చినదని ఆ తమ్ముని మనసు మరింత విరిగియుండెడిది.

అప్పుడు వడ్రంగిని కూర్చుండబెట్టుకొని అడిగితిమి: "మీరైనచో దీనినెట్లు వెడల్పు చేయుదురు?" ఆయన సుద్దముక్కతో నేల మీద గీసి చూపెను. నిలువు కలప మారదు. పువ్వు మారదు. గుబ్బ మారదు. పై అడ్డకలప, గడప పొడవు పెరుగును. రెక్క ఒక్కొక్కటి 21 నుండి 24 అంగుళములగును. పాత రెక్కలో రెండు అంచులకు 3 అంగుళముల చొప్పున విడిచి, నాలుగు వరుసల నడుమ మూడు సందులు 5 అంగుళముల చొప్పున ఉన్నవి. క్రొత్తదానిలో అంచులు అట్లే ఉండును. సందులు మాత్రము 6 అంగుళములగును. లెక్క సరిపోయినది. ఎత్తు మాత్రము మార్చవలదని తల్లి పట్టుబట్టినది. ఇంటిలోనికి వచ్చువాడు తల వంచియే రావలెనట.

మేము ఆ సుద్దగీతలను నమూనాలోనికి ఎక్కించితిమి. ఇది సాగునది, ఇది సాగనిది, ఇది దూరము మాత్రము మార్చుకొనునది అని ఒక్కొక్క అవయవమునకు నియమము వ్రాసితిమి. ఇప్పుడు వెడల్పు అంకె మార్చినచో దర్వాజ వడ్రంగి మార్చినట్లే మారును. మేము పన్నెండు దినములలో చేసినది ఆకారము. ఆయన అరగంటలో ఇచ్చినది దాని గుణింతము.

ఇక్కడనే మాకు గుట్ట మీది పలక జ్ఞాపకము వచ్చినది. ‘క’ అను అక్షరము నేర్చిన పిల్లవాడు పిమ్మట గుణింతము నేర్చును. తలకట్టు పోయి గుడి వచ్చును, కొమ్ము వచ్చును, ఏత్వము వచ్చును. క్రింది రూపము మాత్రము నిలిచియుండును. ఏది నిలుచునో, ఏది మారునో తెలిసిన పిమ్మటనే ఆ అక్షరము వేల మాటలలో ఒదుగును. గుణింతము రాని అక్షరము పలక మీది బొమ్మయే. ఇంటి నమూనాలోని భాగములును అంతే. ఆకారమును దాచుకొనుట కాదు, దాని మార్పు నియమమును దాచుకొనుటయే నిజమైన పొదుపు.

ఈ నియమము అందమునకు మాత్రమే పనికివచ్చునని తలంపరాదు. మెట్ల సంగతి చూడుడు. 10 అడుగుల ఎత్తునకు 6 అంగుళముల చొప్పున ఇరువది ఎత్తులు గల మెట్లను చేసి దాచితిమనుకొనుడు. దానిని 10 అడుగుల 3 అంగుళముల ఎత్తుగల ఇంటిలో అట్లే నిలిపినచో, చివరి మెట్టు 9 అంగుళములగును. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాసగృహములలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అనగా సుమారు 7½ అంగుళములు, దాటరాదనుచున్నది. పందొమ్మిది మెట్లు ఒక తీరున ఎక్కిన కాలు ఇరువదవదానిని అదే తీరున వెదకును. చీకటిలో, చేతిలో బిందెతో, అక్కడనే తట్టుకొని పడును. కనుక మెట్ల భాగమునకు "మొత్తము ఎత్తును సమముగా పంచుము, హద్దు దాటినచో మెట్టు చేర్చుము" అని నేర్పవలయును. అట్లు నేర్పనిదానిని మరల వాడకుండుటయే మేలు.

దర్వాజ కథకు వత్తుము. రెండవది తయారై తమ్ముని ఇంటికి ఎక్కినది. పాతదానికి, క్రొత్తదానికి భేదము కలప రంగులోనే కనబడును; అదియు కాలక్రమమున కలిసిపోవునని వడ్రంగి చెప్పెను. గృహప్రవేశమునకు అన్న వచ్చి, గడప వద్ద అలవాటుగా తల వంచి లోనికి పోయెను. తల్లి అది చూచినది. మేమును చూచితిమి.

పిదప ఆ దర్వాజను చూచినవారు మాకును అదియే కావలెనని అడుగసాగిరి. లోకమంతయు తీసికొనుటకు వీలుగా దానిని త్రీడీ వేర్‌హౌస్ వంటి ఉమ్మడి భాండారములో ఉంచుమని ఒక మిత్రుడు సలహా ఇచ్చెను. నమూనా చేసినది మేమే; ఉంచిన అడ్డగించువారు లేరు. అయినను దర్వాజ మాది కాదు. దానిని మొదట చెక్కినవాని పేరు ఎవరికిని తెలియదు. దాని క్రింద మూడు తరములు తిరిగినవి. తల్లిని అడుగక ఇచ్చుట న్యాయము కాదనిపించి, పోయి అడిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి ఇట్లన్నది:

"ఎవ్వలన్న వెట్టుకోనియ్యి బిడ్డా, మంచిదే. ఊరు పాయె, దర్వాజన్న పది ఇండ్ల ఉంటది. గని పై కట్టె మీద మా మామ పేరున్నది గద, అది మాత్రం తియ్యి. ఆయన మా ఇంటోడు."

నిజమే. అడ్డకలప వెనుకభాగమున చిన్న అక్షరములతో ఒక పేరు చెక్కియున్నది. శ్రద్ధ కొలది మేము దానిని కూడ నమూనాలో నిర్మించితిమి. అన్ని నియమములు వ్రాసిన మాకు ఈ నియమము తోచలేదు. సాగునది, సాగనిది, దూరము మార్చుకొనునది మాత్రమే గాక, ఇల్లు దాటి పోరానిది కూడ ఒకటి ఉండును. మేము ఇంటికి వచ్చి ఆ పేరును తీసివేసి, మిగిలినదానికి ‘మూడవ రూపము’ అని పేరుపెట్టి దాచితిమి. పేరున్న రూపము ఆ రెండు ఇండ్ల ఫైలులలోనే ఉన్నది.

మీలో ఇండ్లు కట్టుకొనువారుందురు, ఇండ్ల నమూనాలు గీయువారుందురు. గీయువారికి మా మనవి ఇది: భాగమును దాచుకొనుటకు ముందు దానిని చేతితో చేయువానిని ఒకసారి అడుగుడు. వడ్రంగిని, మేస్త్రీని, కమ్మరిని అడుగుడు. కట్టుకొనువారికి మా మనవి ఇది: పాత ఇల్లు విప్పునపుడు తలుపును, స్తంభమును అమ్మివేయుటకు ముందు వాటి కొలతలు వ్రాయించి ఉంచుడు. కలప ఒకరికే దక్కును. కొలత ఎందరికైనను దక్కును.